ఏబ్రహాం కాలిస్: విరిగిన మణికట్టును వ్రేళ్ళతో చదివిన వైద్యుడు

వానకాలంలో పాచి పట్టిన పెరటి బండమీద కాలు జారిన మనిషి మొట్టమొదట చేసే పని ఏది? తనకు తెలియకుండానే అరచేయి చాచి నేలకు ఆనించడం. ఆ చేయి అడ్డుపడడం వల్ల తల దక్కుతుంది, ముఖం దక్కుతుంది. కాని ఒక్క క్షణంలో శరీరభారమంతా మణికట్టుమీద పడుతుంది. పడినవారు ఏ ముప్పయి ఏళ్ళ యువకుడో అయితే ఒకవేళ బెణుకుతో సరిపోవచ్చు. ఏ డెబ్బయి ఏళ్ళ నాయనమ్మో అయితే ఎముక విరగడమే తరచు. చూస్తూ ఉండగానే చేయి వాచిపోతుంది, వంకర తిరుగుతుంది. ఆ రాత్రి ఇంటిల్లిపాదినీ వేధించే ప్రశ్న ఒక్కటే: కట్టు కట్టించి ఊరుకుంటే చాలునా, లేక శస్త్రచికిత్స చేయించవలసి ఉంటుందా?

ఈ గాయానికి ప్రపంచమంతటా వైద్యవిద్యార్థులు నేర్చుకునే పేరు కాలిస్ ఫ్రాక్చర్. పేరు నిలిచింది గాని ఆ పేరుగల మనిషి చాలమందికి తెలియడు. ఎక్స్‌రే కిరణాలు కనుగొనడానికి ఎనభై ఒక్క సంవత్సరాల ముందు, ఎముకను కంటితో చూసే మార్గమే లేని దినాలలో, ఆయన కేవలం తన పది వ్రేళ్ళ సాయంతో ఈ గాయం స్వరూపాన్ని నిర్ణయించాడు. అంతేగాక, దీని పర్యవసానం ఏమిటో ఒక మాట చెప్పాడు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి వైద్యలోకానికి రెండువందల ఏళ్ళు పట్టింది.

ఏబ్రహాం కాలిస్ ఐర్లండు దేశంలో కిల్కెన్నీ పట్టణం చేరువనున్న మిల్‌మౌంట్ అనేచోట 1773 జూలై 23వ తేదీన జన్మించాడు. కిల్కెన్నీ నల్లరాతికి ప్రసిద్ధి. నిజానికి అది ఒకరకం సున్నపురాయి. కాని సానపడితే అద్దంవలె మెరుస్తుంది గనుక అక్కడివారు దానిని చలువరాతిలో జమకట్టారు. కాలిస్ తాతగారు నోర్ నది నీటి బలంతో రాతిని కోసే యంత్రాలను, సానపట్టే యంత్రాలను ఏర్పాటు చేసి ఆ పరిశ్రమకు వన్నె తెచ్చాడు. అటువంటి కుటుంబంలో పుట్టినా బాలుని బాల్యం పూలబాట కాలేదు. ఆరేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించాడు. తల్లి అధైర్యపడలేదు. రాతిగని వ్యవహారమంతా తానే చేతికి తీసుకొని, పనివాళ్ళను అదుపులో ఉంచుకొని, లెక్కలు చూసుకుంటూ బిడ్డలను చదివించింది. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఒక వితంతువు రాతిగని నడపడమంటే సామాన్యమైన విషయం కాదు. కాలిస్‌లో తరువాత కనిపించిన నిబ్బరానికి తొలి పాఠశాల ఆ తల్లి ఒడి అని చెప్పవచ్చు.

రెండవ పాఠశాల కిల్కెన్నీ కళాశాల. స్విఫ్ట్, బర్క్‌లీ వంటి మహామహులు చిన్ననాడు చదువుకున్న చోటు అది. ఆ దినాలలోనే జరిగినదని చెప్పే ఒక ఉదంతం కాలిస్ జీవితచరిత్రలన్నింటిలోను కనిపిస్తుంది. నదికి వరద వచ్చి ఊరిలోని ఒక వైద్యుని ఇంట్లోకి నీరు ప్రవేశించింది. సామానులతోపాటు పుస్తకాలు కూడా కొట్టుకొనిపోయాయి. వాటిలో ఒకటి పొలంలో చిక్కుకొని ఈ బాలుని కంటపడింది. అది శరీరనిర్మాణ శాస్త్రానికి సంబంధించిన గ్రంథం. కుర్రవాడు దానిని వైద్యునికి తిరిగి ఇవ్వబోయాడు. పిల్లవాని కళ్ళలోని కుతూహలం గమనించిన ఆ పెద్దమనిషి పుస్తకాన్ని అతనికే బహూకరించాడట. వరద తెచ్చిన పుస్తకమే ఒక బాలుని బ్రతుకుదారిని మలుపు త్రిప్పింది.

1790లో కాలిస్ డబ్లిన్ చేరి ట్రినిటీ కళాశాలలో ప్రవేశించాడు. ఆ ఏడే నగరంలోని డాక్టర్ స్టీవెన్స్ ఆసుపత్రిలో ఫిలిప్ ఉడ్‌రోఫ్ అనే శస్త్రవైద్యుని వద్ద శిష్యుడుగా కుదిరాడు. ఒకవైపు కళాశాలలో సాహిత్య శాస్త్రాల చదువు, మరొకవైపు ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్టు కట్టే పని. అయిదేళ్ళపాటు ఈ రెండూ ఒకేసారి సాగించి 1795లో బి.ఏ. పట్టమూ, ఐర్లండు శస్త్రవైద్యుల రాజకళాశాల యోగ్యతాపత్రమూ సంపాదించాడు. ఆ తరువాత ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి 1797లో ఎం.డి. అయ్యాడు. అప్పుడతని చేతిలో డబ్బు బహు తక్కువ. అయినా లండన్ ఆసుపత్రులు చూడాలనే కోరిక మాత్రం బలంగా ఉన్నది. ఎడింబరో నుంచి లండన్‌కు కాలినడకనే బయలుదేరాడు. అక్కడ ఆనాటి శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడయిన ఆస్ట్లీ కూపర్‌ను ఆశ్రయించి, ఆయన హెర్నియా మీద సాగిస్తున్న పరిశోధనకు కావలసిన శవచ్ఛేదాలలో తోడ్పడ్డాడు. శరీరం లోపలి పొరలను ఒకటొకటిగా విడదీసి గుర్తించే నైపుణ్యం కాలిస్ వ్రేళ్ళకు అక్కడ మరింత పదునెక్కింది.

డబ్లిన్ తిరిగివచ్చిన యువవైద్యుని అదృష్టం త్వరలోనే పండింది. తాను శిష్యుడుగా మెలగిన స్టీవెన్స్ ఆసుపత్రిలోనే 1799లో శస్త్రవైద్యుడుగా నియమితుడయ్యాడు. 1841 వరకు, అనగా నాలుగు దశాబ్దాలకు పైగా, ఆ ఆసుపత్రిని విడువలేదు. 1802లో శస్త్రవైద్యుల రాజకళాశాల ఆయనను తన అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. అప్పటికి ఆయనకు నిండా ఇరవైతొమ్మిదేళ్ళు లేవు. 1830లో రెండవసారి కూడా ఆ పదవి ఆయననే వరించింది. 1804లో అదే కళాశాలలో శరీరనిర్మాణ, శస్త్రవైద్య శాస్త్రాలకు ఆచార్యుడయి 1836 దాకా పాఠం చెప్పాడు. డబ్లిన్ నగరం వైద్యవిద్యకు పేరెన్నిక గన్న కాలమది. ఆ కీర్తికి గ్రేవ్స్, స్టోక్స్ వంటి వైద్యులు ఎంత కారకులో శస్త్రవిభాగంలో కాలిస్ అంత కారకుడు.

ఆయన బోధనాపద్ధతిని గురించి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది ఒకటి ఉన్నది. అంతకుముందు శరీరశాస్త్రాన్ని ఎముకలు ఒక అధ్యాయం, కండరాలు ఒక అధ్యాయం, రక్తనాళాలు మరొక అధ్యాయం అనే విధంగా చెప్పేవారు. కత్తి పట్టుకున్న వైద్యునికి శరీరం ఆ క్రమంలో ఎదురుకాదు గదా. తొడ మొదట కోత పెట్టినప్పుడు చర్మమూ, పొరలూ, నరాలూ, ధమనులూ అన్నీ కలిసి ఒకేచోట దర్శనమిస్తాయి. అందువల్ల కాలిస్ శరీరాన్ని ప్రాంతాలవారీగా విభజించి, ఒక్కొక్క ప్రాంతంలో ఏ పొర క్రింద ఏది ఉంటుందో బోధించాడు. 1811లో ప్రకటించిన శస్త్రశరీర గ్రంథం ఈ పద్ధతిలో రచించినదే. ఆయన వర్ణించిన ఒక పొరకు నేటికీ ఆయన పేరే వాడుకలో ఉన్నది.

పాండిత్యాన్ని మించిన గుణం ఆయన నిజాయితీ. తన చేతిలో చికిత్స వికటించి రోగి మరణించిన ఒక సందర్భంలో, ఆయన విద్యార్థుల ఎదుట నిలబడి ఆ మరణానికి తానే కారకుడనని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడని శిష్యపరంపర చెప్పుకొన్నది. గురువు తప్పును దాచితే శిష్యుడు అదే తప్పును మరల చేస్తాడు. గురువే చూపిస్తే ఇంకొక ప్రాణం నిలుస్తుంది. ఈ వివేకమే తరువాత మణికట్టు విషయంలోను ఆయనకు దారి చూపింది.

అది శస్త్రవైద్యానికి భయంకరమైన యుగమనే సంగతి మనం మరువరాదు. మత్తుమందు ఇంకా రాలేదు. ఈథర్ వాయువుతో రోగిని నిద్రబుచ్చి శస్త్రచికిత్స చేయడం లోకానికి తెలిసినది 1846లో. అప్పటికి కాలిస్ గతించి మూడేళ్ళు. సూక్ష్మజీవుల సంగతి తెలియదు. పుండు చీముపట్టకుండా కాపాడే విధానాన్ని లిస్టర్ ప్రకటించినది 1867లో. అటువంటి రోజులలో కూడా కాలిస్ ధైర్యహీనుడు కాడు. మెడ మొదట కంఠాస్థి వెనుకగా పోయే పెద్దధమనిని బయటికి తీసి కట్టే సాహసానికి పూనుకొన్న తొలివారిలో ఆయన ఒకడు. అంతటి సాహసి విరిగిన మణికట్టుమీద మాత్రం కత్తి పెట్టలేదు. చర్మం తెగని చోట చర్మాన్ని తెరచి ఎముకను బయటపెట్టడమంటే ఆనాడు చీమును ఆహ్వానించడమే. చీము పట్టిన చేతిని తీసివేయవలసి రావచ్చు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చు. కనుక కోయవలెనా మానవలెనా అనే ప్రశ్న ఆ కాలంలో పుట్టనే లేదు. చర్మం పైనుంచే లోపలి సంగతి తెలుసుకొని, పైనుంచే సరిచేయడం ఒక్కటే మార్గం.

ఇక ఆ గాయం స్వరూపాన్ని కొంచెం తెలుసుకుందాం. మన ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. బొటనవ్రేలి వైపున ఉండేది రేడియస్. మన పాఠ్యగ్రంథాలు దీనిని రత్ని అంటాయి. చిటికెనవ్రేలి వైపున ఉండేది అల్నా, అనగా అరత్ని. వైద్యుడు నాడి చూసేటప్పుడు వ్రేళ్ళు ఆనించేది రత్ని కొసమీదనే. చాచిన అరచేతిమీద పడినప్పుడు తరచుగా విరిగేది కూడా ఆ కొసే. విరిగిన ముక్క చేతి వెనుకవైపునకు జరిగి పైకి లేస్తుంది. ప్రక్కనుంచి చూస్తే చేయి బల్లమీద బోర్లించిన ఫోర్కువలె వంపు తిరిగి కనిపిస్తుంది.

కాలిస్‌కు పూర్వం చాలమంది వైద్యులు దీనిని కీలు తప్పడంగానో, బెణుకుగానో భావించేవారు. ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికి చెందిన పూతో అనే శస్త్రవైద్యుడు ఇది ఎముక విరుగుడని గుర్తించాడు. ఆయన రచనలు 1783లో ప్రకటితమయ్యాయి గాని ఆ మాట తగినంత ప్రచారం పొందలేదు. పొరపాటు పడడానికి కారణం లేకపోలేదు. ఎముక విరిగినచోట సాధారణంగా చేతికి తగిలే రాపిడి ఇక్కడ సులభంగా తగలదు. గాయమయిన వెంటనే వాపు ఆవరించి గుర్తులన్నీ మరుగుపరుస్తుంది. బెణుకని తలచి మర్దనలు చేసి, కీలు తప్పినదని తలచి లాగి వదలిన తరువాత నెలలు గడచినా వంకర అట్లాగే ఉండేది. రోగి బాధపడేవాడు. వైద్యుడు సిగ్గుపడేవాడు.

1814 ఫిబ్రవరి 21వ తేదీ వేసి, డబ్లిన్ స్టీఫెన్స్ గ్రీన్ నుంచి కాలిస్ ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. అది ఆ ఏటి ఏప్రిల్‌లో ఎడింబరో వైద్యపత్రికలో వెలువడింది. కొద్ది పుటల వ్యాసమే. అందులో చిత్రాలు లేవు, ఆడంబరం లేదు. గడచిన మూడేళ్ళలో ఇతరులు చెప్పే కీలుతప్పుడు తనకు ఒక్కటి కూడా తారసపడలేదనీ, ఈ ఎముక విరుగుడు మాత్రం లెక్కకు మిక్కిలిగా కనిపించిందనీ తెలియజేశాడు. గుర్తించే ఉపాయం కూడా చెప్పాడు. వైద్యుడు ఒక చేతి వ్రేళ్ళను అనుమానమున్న చోట ఆనించాలి. రెండవ చేతితో రోగి చేతిని పట్టుకొని మెల్లగా లాగాలి. అలా లాగినప్పుడు చేయి సహజమయిన ఆకారానికి వస్తుంది. ఆ స్థితిలో రోగి హస్తాన్ని ముందుకు వెనుకకు కదిలిస్తే విరిగినచోట కదలిక వ్రేళ్ళకు తెలుస్తుంది. లాగుడు వదలగానే వంకర మరల వస్తుంది. కీలు తప్పినదయితే ఒకసారి కూర్చుంటే కూర్చున్నట్లే. కూర్చున్నది మళ్ళీ జారిందంటే అది విరిగిన ఎముకే. ఎంత తేలికయిన పరీక్ష! ఎంత గట్టి తర్కం!

సరిచేసిన ఎముక జారకుండా నిలపడమే అసలు చిక్కు అని కూడా ఆయన గ్రహించాడు. విరిగినచోట ముందువైపున మందమయిన గుడ్డమడత పెట్టి, పట్టీతో బిగించి, చేతి ఆకృతికి తగినట్లు వంచిన తగరపు రేకులను ముందువైపున ఒకటి, వెనుకవైపున ఒకటి అమర్చేవాడు. నేటి పిండికట్టుకు పూర్వరూపం అదే. హాలెండు సైనికవైద్యుడు మాథెయిసెన్ పిండికట్టును ప్రచారంలోకి తెచ్చినది దాదాపు నలభై ఏళ్ళ తరువాత.

ఆ వ్యాసంలో వైద్యచరిత్రకారులు తరచుగా స్మరించే అభిప్రాయం ఒకటి ఉన్నది. సరిగా కూర్చబడని మణికట్టులో వంకర జీవితాంతం ఉండిపోతుందని కాలిస్ చెప్పాడు. అయినప్పటికీ ఏనాటికో ఒకనాటికి నొప్పి పూర్తిగా తొలగి, చేయి కదలికలన్నీ తిరిగి వస్తాయనీ, రోగికి ఉన్న ఓదార్పు అదేననీ తెలిపాడు. అనగా చేతి ఆకారం వేరు, చేతి ఉపయోగం వేరు. కంటికి వంకరగా కనిపించినంత మాత్రాన చేయి పనికిరానిదయిపోదు. వైద్యశాస్త్రంలో ఇది సామాన్యమయిన మాట కాదు.

ఆయన చెప్పినదంతా అక్షరాలా నిజమేనా? కాదు. మణికట్టు కీలుకు అంగుళంన్నర పైన ఎముక విరుగుతుందని ఆయన వ్రేళ్ళకు తోచింది. తరువాత రాబర్ట్ విలియం స్మిత్ మొదలయినవారు మృతుల ఎముకలను పరిశీలించి, విరుగుడు కీలుకు ఇంకా దగ్గరగా ఉంటుందని తేల్చారు. వాపు మీదనుంచి తడిమిన వ్రేళ్ళు కొంత మేర పొరబడ్డాయి. మూలసూత్రంలో మాత్రం పొరబడలేదు.

1895లో రోంట్‌గెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. లోపలి ఎముక పటమై కంటికెదుట నిలిచింది. మత్తుమందు వచ్చింది, క్రిమిసంహారం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో సన్నని ఉక్కు తీగలతో ఎముకను గ్రుచ్చి నిలపడం, ఆపైన లోహపు పలకలు మరలతో బిగించడం అలవాటయ్యాయి. కాలిస్ కాలంలో పుట్టని ప్రశ్న అప్పుడు పుట్టింది. కోసి సరిచేయడం సాధ్యమయింది గనుక, సాధ్యమయినదల్లా అవసరమా అనే విచారణ మొదలయింది.

నేటి వైద్యులు ఈ నిర్ణయాన్ని మూడు మెట్లుగా చేస్తారు. మొదటి మెట్టులో తర్జనభర్జనకు తావు లేదు. చర్మం చిరిగి ఎముక బయటపడినా, చేతికి రక్తప్రసారం ఆగినా, కట్టు సడలించినా ఎముకను కూర్చినా తగ్గక వ్రేళ్ళలో తిమ్మిరి పెరుగుతున్నా తక్షణమే శస్త్రచికిత్స ఆలోచించవలసినదే. అటువంటప్పుడు ఇంట్లో కూర్చొని పదిమందిని సలహాలడగడం ప్రమాదం.

రెండవ మెట్టు కొలతలకు సంబంధించినది. ముందుగా ఎముకను లాగి సరిచేసి కట్టు కట్టి మరల ఎక్స్‌రే తీస్తారు. అప్పటికీ రత్ని మూడు మిల్లీమీటర్లకు మించి కురచబడినా, దాని కొస వెనుకకు పది డిగ్రీలకు మించి వాలినా, కీలులోపలి నునుపు తలంలో రెండు మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లాలు ఏర్పడినా, అరవైఅయిదేళ్ళ లోపువారికి శస్త్రచికిత్సవల్ల మేలు ఎక్కువని అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2020లో ప్రకటించిన మార్గసూత్రాలు చెబుతున్నాయి. కీలులో మిట్టపల్లాలు మిగిలితే ముందు ముందు కీలు అరిగే భయమున్నది. చేతిపనిమీద బ్రతికే యువకుని విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఎదిగే పిల్లల సంగతి వేరు. వారి ఎముక పెరుగుదలలో చాలవరకు తన వంకరను తానే దిద్దుకుంటుంది గనుక ఎక్కువమందికి కట్టే చాలు.

మూడవ మెట్టు అన్నింటికన్న సున్నితమయినది. అది మనిషిని చూడడం. ఈ చేతికి ఏమి పని? ఈ ఎముకలో బలమెంత? వయసెంత? ఇతర వ్యాధులేమిటి? ఆస్ట్రేలియా, న్యూజిలాండు ఆసుపత్రులలో అరవై ఏళ్ళు దాటిన 166 మందిని చీటీలు వేసినట్లుగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి లోహపు పలక బిగించి, మరొక వర్గానికి ఎముకను కూర్చి కట్టు మాత్రమే కట్టి చూశారు. ఏడాది గడిచేసరికి చేతి ఉపయోగంలో రెండు వర్గాలకూ గణింపదగిన భేదం కనిపించలేదని 2021లో ప్రకటించారు. పైన చెప్పిన అమెరికా సూత్రాలు కూడా అరవైఅయిదు దాటినవారి విషయంలో ఇదే అభిప్రాయానికి వచ్చాయి. పటంలో ఎముక వంకర ఉన్నా ఆ వృద్ధురాలు జడ వేసుకోగలుగుతున్నది, అన్నం కలుపుకోగలుగుతున్నది. రెండువందల ఏళ్ళనాడు తగరపు రేకులు పట్టుకొని కాలిస్ చెప్పిన ఓదార్పు మాట వృద్ధుల విషయంలో ఇట్లా చాలవరకు నిలబడింది. కొందరిలో కొంత నొప్పి, కొంత బిగుసుదనం మిగులుతాయి గనుక సంపూర్ణంగా నిలబడిందని మాత్రం అనరాదు.

కట్టు కట్టించుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. కూర్చిన ఎముక జారగలదని కాలిస్ ఆనాడే చెప్పాడు గదా. బ్రిటన్‌లో 500 మందిమీద జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో, తీగలు గ్రుచ్చినవారికీ కట్టు మాత్రమే కట్టినవారికీ ఏడాది చివర భేదం కనిపించలేదు. కాని కట్టు కట్టినవారిలో ఎనిమిదిమందికి ఒకరి చొప్పున ఎముక జారి, మొదటి ఆరు వారాలలోనే శస్త్రచికిత్స అవసరమయింది. అందువల్ల మొదటి రెండు వారాలలో మరల ఎక్స్‌రే తీయించడం మరువరాదు. మన తెలుగునాట పుత్తూరు కట్టు పేరు ఎరుగనివారు అరుదు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా విచారించవలసినది ఒక్కటే: ఎముక కూర్చున్నచోటనే నిలిచి ఉన్నదా? కట్టులో ఉన్న అయిదారు వారాలూ వ్రేళ్ళను మడుస్తూ చాపుతూ ఉండాలి. లేనిచో ఎముక అతుకుతుంది గాని చేయి బిగుసుకుపోతుంది. వ్రేళ్ళు నల్లబడినా, మొద్దుబారినా, నొప్పి భరింపరానిదయినా ఆ క్షణమే వైద్యుని వద్దకు పరుగెత్తాలి. నిలుచున్న ఎత్తునుంచి పడినంతమాత్రాన వృద్ధుల మణికట్టు విరిగిందంటే అది ఎముకలు గుల్లబారుతున్నవనే హెచ్చరిక. రేపు తుంటి విరగకుండా నేడే పరీక్ష చేయించడం వివేకం.

మరల కాలిస్ కథకు వద్దాం. 1837లో ఆయన సిఫిలిస్ అనే సుఖవ్యాధిని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ వ్యాధితో పుట్టిన శిశువు పాలిచ్చే దాదికి దానిని అంటించగలదు గాని కన్నతల్లికి అంటించదని అందులో గమనించాడు. తల్లికి అప్పటికే ఆ వ్యాధి ఉండడమే ఇందుకు కారణమని తరువాతి కాలంలో రక్తపరీక్షలు వచ్చిన పిమ్మట తేలింది. ఇక్కడ కూడా మణికట్టు కథే. ఆయన చూపు సత్యం. దాని వెనుకనున్న కారణాన్ని తరువాతి తరం పూర్తిచేసింది. 1839లో ప్రభుత్వం బారోనెట్ బిరుదం ఇవ్వజూపితే ఆయన వినయంగా నిరాకరించాడు.

చివరి సంవత్సరాలలో వాతరోగమూ ఆయాసమూ ఆయనను క్రుంగదీశాయి. 1841లో ఆసుపత్రి పని విరమించాడు. తన దేహాన్ని తినివేస్తున్న వ్యాధి ఏమిటో వైద్యులకు సరిగా అంతుపట్టలేదు. అంత్యకాలం సమీపించినదని గ్రహించిన కాలిస్, తాను మరణించిన తరువాత తన శరీరాన్ని కోసి పరీక్షించి వ్యాధి స్థానాన్ని, స్వరూపాన్ని నిర్ణయించవలసినదని ముందుగానే కోరాడు. అందువల్ల తన కుటుంబానికీ లోకానికీ కొంత మేలు కలుగవచ్చునని ఆయన తలపు. 1843లో ఆయన కన్నుమూశాడు. ఆ కోరికను నెరవేర్చినవాడు ఆయన సహచరుడు రాబర్ట్ విలియం స్మిత్. ఆ స్మితే 1847లో కీళ్ళ చెంత విరిగే ఎముకలను గురించి ఒక ఉద్గ్రంథం వెలువరించి, మణికట్టు గాయాన్ని కాలిస్ పేరుతో చర్చించాడు. కాలిస్ చూపిన దానికి విరుద్ధంగా, ముక్క ముందువైపునకు జరిగే గాయానికి తరువాత స్మిత్ పేరే స్థిరపడింది. ఇద్దరూ ఒకే అధ్యాయంలో నేటికీ ప్రక్కప్రక్కనే నిలిచి ఉన్నారు.

కాలిస్ జీవితంలో విద్యార్థులు గ్రహింపవలసిన పాఠం ఏది? పరికరాలు లేవని ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఉన్న వ్రేళ్ళకే చూడడం నేర్పాడు. ధైర్యం ఉన్నదికదా అని ప్రతిచోటా కత్తి ఎత్తలేదు. తాను పొరబడ్డప్పుడు ఆ పొరపాటునే పాఠంగా చెప్పాడు. చివరకు తన శవాన్ని కూడా ఒక పాఠంగా అప్పగించి వెళ్ళాడు. నేడు మన ఇంట ఎవరైనా జారిపడి మణికట్టు విరిగినప్పుడు, ఎక్స్‌రే పటంలోని వంకరను చూసి భయపడి శస్త్రచికిత్సకు తొందరపడడమూ తగదు, కత్తికి భయపడి అవసరమయిన చికిత్సను వాయిదా వేయడమూ తగదు. ఎముక ఎంత జరిగింది, నిలిచి ఉన్నదా, ఈ చేయి రేపు ఏ పని చేయవలసి ఉన్నది అనే మూడు సంగతులు వైద్యుని నిదానంగా అడిగి తెలుసుకోవాలి. ఆ విధంగా అడగడం తెలిసినవారు, పేరు ఎరుగకపోయినా, కాలిస్ శిష్యపరంపరలోని వారే.